ఉత్తుత్తి దెబ్బకు ఉలిక్కిపడితే...

ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్లి చూడండి. ఊరు ఇంకా ముసుగుతన్ని పడుకుని ఉంటుంది గానీ క్యాంపస్ మాత్రం అప్పటికే మేలుకుని ఉంటుంది. తార్నాక వైపు నుంచి నడకకు వచ్చే పెద్దవాళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం చెమటలు కక్కుతూ పరుగెత్తే కుర్రాళ్లు, బ్యాటు చంకన పెట్టుకుని బయల్దేరిన పిల్లలు... ఎవరి లోకం వారిది. ఆ సందడిలో అంబర్‌పేట నుంచి స్కూటర్ మీద వచ్చిన ఒక నాన్న, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉన్నారనుకోండి. చెట్టు కింద ఎదురెదురుగా నిలబడ్డారు. నాన్న అరచేయి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. కూతురు కదలకుండా చూస్తోంది. చూసేవాళ్లకు అదేం ఆటో అర్థం కాదు.

అర్థం కావాలంటే ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన గొడవ తెలియాలి.

బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైన ఆ అమ్మాయి ఎర్రబడిన ముక్కుతో ఇంటికొచ్చింది. వంటింట్లోంచి తొంగిచూసిన అమ్మ గుండె గుభేలుమంది.

“ఏమైంది బిడ్డా ముక్కుకు?”

“ఏం కాలేదమ్మా. ఆ అక్క కడుపు మీద కొట్టేటట్టు వంగింది. నేను చేతులు కిందికి దించిన. పైనుంచి కొట్టింది.”

“చాలు ఇగ. రేపటి నుంచి పోయేది లేదు. పదో తరగతి వస్తున్నది, చదువుకో. ఏమండీ, మీరన్నా చెప్పండి!”

నాన్న వెంటనే ఏమీ చెప్పలేదు. మంచినీళ్లు తాగి, కూతుర్ని ఒకటే అడిగాడు: “కొట్టినందుకు బాధయిందా, మోసపోయినందుకు బాధయిందా?”

“మోసపోయినందుకే నాన్నా” అంది ఆ పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగింది అప్పుడే.

దెబ్బ కాని దెబ్బ

ఆ అమ్మాయిని మోసం చేసినదాన్ని బాక్సింగ్‌లో ‘ఫెయింట్’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఉత్తుత్తి దెబ్బ. కొట్టబోతున్నట్టు భుజం కదుపుతారు, చెయ్యి సగం చాస్తారు, ఒక అడుగు ముందుకు వేస్తారు, లేదా కడుపు వైపు చూస్తూ వంగుతారు. కానీ కొట్టరు. ఎదుటివాళ్లు ఉలిక్కిపడి చేతులు ఎటు కదిపితే, ఖాళీ అయిన చోట అసలు దెబ్బ పడుతుంది.

ఇదేదో తొండి అనుకోకండి. నిబంధనల ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైన విద్యే. నిజానికి మనకు కొత్త కూడా కాదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు కాలు చాపినట్టే చాపి వెనక్కి లాక్కుంటాడు. పట్టుకుందామని ముందుకు దూకినవాణ్ని తాకి గీత దాటి వెళ్లిపోతాడు. బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గర మెల్లగా వదులుతున్నట్టు చేసి, చివరి క్షణంలో మణికట్టు తిప్పి షటిల్‌ను వెనక్కి లేపుతారు. గోపీచంద్, సైనా, సింధుల ఆట చూస్తూ పెరిగిన హైదరాబాదీలకు దీన్ని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. క్రికెట్‌లో గూగ్లీ కూడా ఇలాంటిదే. చెయ్యి చెప్పేది ఒకటి, బంతి చేసేది మరొకటి.

కాకపోతే అక్కడ పోయేది పాయింటో వికెట్టో. బాక్సింగ్‌లో మోసపోతే ముక్కు వాస్తుంది. అందుకే ఈ ఆటలో కొట్టడం నేర్చుకున్నంత శ్రద్ధగా, కొట్టనిదానికి కదలకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి. నిజానికి రెండోదే కష్టం.

మెదడు ఎందుకు మోసపోతుంది?

“అంత తెలివైనదానివి, ఎట్ల మోసపోయినవే?” అని పిల్లను నిలదీస్తే లాభం లేదు. ఇది తెలివికి సంబంధించింది కాదు. మన శరీరం తయారైన తీరే అంత.

కంటికి ఏదైనా కనిపించి, మెదడు గుర్తించి, చేతిని కదిలించడానికి సెకనులో సుమారు ఐదో వంతు పడుతుంది. అనుభవమున్న బాక్సర్ విసిరే మెరుపులాంటి జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా కొట్టే దెబ్బ, చేరడానికి పట్టే సమయం కూడా అటూ ఇటూగా అంతే. అంటే పిడికిలి బయల్దేరాక చూసి తప్పించుకుందామంటే ఆలస్యమైపోయినట్టే. అందుకే బాక్సర్లు దెబ్బను చూసి తప్పుకోరు. దెబ్బకు ముందు వచ్చే సూచనలు చూసి తప్పుకుంటారు. భుజం బిగుసుకోవడం, నడుము తిరగడం, బరువు ఒక కాలి మీదికి మారడం లాంటివి. ఉత్తుత్తి దెబ్బ ఆడుకునేది సరిగ్గా ఈ సూచనలతోనే. దెబ్బ ఉండదు, సూచన మాత్రం ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకదాని వెంట ఒకటి వెంటవెంటనే రెండు సంకేతాలు వస్తే, మొదటిదానికి జవాబిచ్చే పనిలో ఉన్న మెదడు రెండోదానికి ఆలస్యంగా స్పందిస్తుంది. దీన్ని గుర్తించి 1931లోనే ఒక పేరు పెట్టినవాడు టెల్ఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. రైల్వే బుకింగ్ కౌంటర్ గుర్తుకు తెచ్చుకోండి. కిటికీ ఒక్కటే. మొదటి మనిషికి టికెట్ ఇచ్చేదాకా రెండో మనిషి ఎంత తొందరపడినా నిలబడాల్సిందే. ఉత్తుత్తి దెబ్బ చేసేది అదే. కిటికీ దగ్గర ఒక దొంగ ప్రయాణికుణ్ని నిలబెడుతుంది. మెదడు వాడితో మాట్లాడుతుండగా అసలువాడు లోపలికి దూరిపోతాడు.

మరి దారేమిటి? దొంగ ప్రయాణికుణ్ని అసలు కిటికీ దాకా రానివ్వకపోవడమే.

మొదటి కాపు దూరం

బాక్సింగ్‌లో అన్నిటికన్నా గట్టి కవచం చేతుల్లో లేదు, పాదాల కింద ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు చెయ్యి పూర్తిగా చాపితే ఎదుటివారి ముఖం అందుతుందా లేదా? అందకపోతే ఆ చెయ్యి ఎన్ని వేషాలు వేసినా భయపడాల్సిన పని లేదు. కొట్టాలంటే ముందు అడుగు వేయాలి కాబట్టి, అడుగు పడేదాకా చేతులు కదపనక్కర్లేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే. అందని దూరంలో ఊగే చేతిని కూడా ఆపాలని చూస్తారు. పది ఉత్తుత్తి దెబ్బలకు పదిసార్లు ఉలిక్కిపడి రెండు నిమిషాల్లో అలసిపోతారు. పోటీలో రౌండు 3 నిమిషాలు, మొత్తం 3 రౌండ్లు. లేని దెబ్బలకు ఊపిరి ఖర్చు చేసుకుంటే ఉన్న దెబ్బలకు మిగలదు.

చెయ్యి అబద్ధం ఆడినంత తేలిగ్గా కాలు ఆడలేదు. చెయ్యి చాపి వెనక్కి లాక్కోవడం సులువు, ఒళ్లు మొత్తాన్ని ముందుకు తీసుకొచ్చి వెనక్కి లాక్కోవడం కష్టం. ఆరితేరినవాళ్లు అడుగుతో కూడా మోసం చేస్తారనుకోండి. అప్పుడు కూడా తల, నడుము నిజంగా ముందుకు వచ్చాయా, పాదం ఒక్కటే నేలను తట్టిందా అని చూడాలి. బరువు రాకపోతే దెబ్బ రాదు.

కళ్లు ఎక్కడుండాలి?

ఎదుటివాళ్ల చేతుల్ని చూస్తే చేతులు మోసం చేస్తాయి. కళ్లలోకి చూస్తే కళ్లు మోసం చేస్తాయి. కడుపు వైపు చూస్తూ ముక్కు మీద కొట్టేవాళ్లు ఎంతమందో! అందుకే చాలామంది కోచ్‌లు ఛాతీ పైభాగం మీద, గొంతుకు కాస్త కింద చూపు నిలపమంటారు. అక్కడ చూస్తే రెండు భుజాలు, మోచేతులు, నడుము అన్నీ కంటి అంచుల్లో పడతాయి. సికింద్రాబాద్ వైపు బస్సు నడిపే డ్రైవర్ ఒక్క ఆటోనే చూస్తూ కూర్చోడు కదా! ముందు రోడ్డును చూస్తాడు, పక్కనుంచి దూరే స్కూటర్ కూడా ఆ చూపులోనే పడుతుంది. అదే పద్ధతి.

రెప్ప వాల్చడం ఇంకో సమస్య. ముఖం వైపు ఏదైనా వస్తే కళ్లు మూసుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. అది ఒక్క రోజులో పోదు. మెత్తటి గ్లవ్స్‌తో మెల్లగా, వందలసార్లు చేయించిన సాధనతోనే తగ్గుతుంది. ఇక్కడ తొందరపెట్టి గట్టిగా కొట్టించే శిక్షణ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. భయం పెరిగితే రెప్పలు ఇంకా గట్టిగా మూతపడతాయి.

చేతులు ఇంట్లోనే ఉండాలి

ఆపడం తప్పదనుకున్నప్పుడు కూడా ఎంత కదలాలో అంతే కదలాలి. వచ్చే జాబ్‌ను అరచేత్తో పక్కకు తోయడానికి నాలుగు వేళ్ల వెడల్పు కదిలితే చాలు. చెయ్యి ముందుకు చాపి మధ్యదారిలోనే పట్టుకోవాలని చూస్తే చెంప ఖాళీ అవుతుంది. ఎదుటివాళ్లకు కావాల్సింది అదే. చేతులు చెంపల పక్కనే ఉండాలి. గడప దాటి వెళ్లినా క్షణంలో ఇల్లు చేరాలి.

మరి కడుపు మీదికి వచ్చే దెబ్బ సంగతి? అంబర్‌పేట అమ్మాయి దెబ్బతిన్నది ఇక్కడే. కడుపును కాపాడటానికి పిడికిళ్లు దించింది. పిడికిళ్లు దించకూడదు. కింద కాపలా మోచేతులది. కాస్త మోకాళ్లు వంచి, నడుము కొద్దిగా తిప్పితే మోచెయ్యి తనంతట తానే పక్కటెముకల ముందుకు వస్తుంది. పిడికిళ్లు చెంపల దగ్గరే ఉంటాయి. కింది దెబ్బ నిజమైనా మోచెయ్యి ఆపుతుంది, అబద్ధమైనా పైన తలుపు మూసే ఉంటుంది. నిజమా అబద్ధమా అని తేల్చుకోవాల్సిన పనే లేని జవాబు అన్నిటికన్నా మంచి జవాబు.

పక్కకు ఒక అడుగు వేయడం కూడా అలాంటిదే. వచ్చేది ఉత్తుత్తిదైనా, నిజమైనా మీరు అక్కడ ఉండరు. అలాగని ప్రతిసారీ వెనక్కే పోకూడదు. పోటీ రింగు తాళ్ల మధ్య 6.1 మీటర్లు, అంటే 20 అడుగులే. వెనక్కి వెనక్కి పోతే వీపుకు తాళ్లు తగులుతాయి. అక్కడ ఉత్తుత్తి దెబ్బలతో పనేముంది, అన్నీ అసలువే పడతాయి.

ప్రశ్నకు ప్రశ్న

ఉత్తుత్తి దెబ్బ అంటే నిజానికి ఒక ప్రశ్న. “నేను ఇలా చేస్తే నువ్వేం చేస్తావ్?” అని ఎదుటివాళ్లు అడుగుతున్నట్టు. మీరు ప్రతిసారీ ఒకే జవాబు చెబితే, మూడోసారికి దాన్ని వాడుకుంటారు. అందుకే జవాబులు మార్చాలి. ఒకసారి కదలకుండా ఉండాలి. ఒకసారి పక్కకు తప్పుకోవాలి. ఒకసారి సూటిగా ఒక జాబ్ వేయాలి. ఎందుకంటే ఉత్తుత్తి దెబ్బ వేసే ఆ అరక్షణంలో వాళ్ల ధ్యాస మోసం మీద ఉంటుంది, కాపలా మీద తక్కువ ఉంటుంది. వేషం వేసినప్పుడల్లా ముఖం మీద జాబ్ తగిలితే, వేషాలు వాటంతటవే తగ్గుతాయి.

ఇంకా పైమెట్టు ఏమిటంటే, మోసపోయినట్టు నటించడం. ఉలిక్కిపడినట్టు చెయ్యి కాస్త దించితే, అవతలివాళ్లు నమ్మి అసలు దెబ్బ విసురుతారు. అది ఎటు వస్తుందో ముందే తెలుసు కాబట్టి తప్పుకుని కొట్టడం సులువు. అయితే ఇది నేర్చిన చేతులు చేయాల్సిన పని. మూడు నెలల పిల్లలు చేయాల్సింది కాదు.

ఇందూరు అమ్మాయి చెప్పే పాఠం

ఈ విద్యను ప్రపంచ వేదిక మీద పరీక్షకు పెట్టినవాళ్లు ఎక్కడో లేరు. నిఖత్ జరీన్ మన నిజామాబాద్ అమ్మాయే. 1996లో పుట్టింది. మొదట పరుగు పందేల్లో ఉండేది. తండ్రి జమీల్ అహ్మద్ క్రీడలు తెలిసిన మనిషి. బాక్సింగ్ రింగులో అమ్మాయిలు ఎందుకు కనిపించడం లేదన్న ఆమె కుతూహలానికి ఆయన అడ్డు చెప్పలేదు, చేతికి గ్లవ్స్ ఇచ్చాడు. అమ్మాయిలు లేకపోవడంతో అబ్బాయిలతోనే సాధన. తొలిరోజుల్లో ముఖమంతా దెబ్బలతో ఇంటికి వస్తే తల్లి కన్నీళ్లు పెట్టుకుందట, ఈ పిల్లను ఎవరు పెళ్లి చేసుకుంటారని. పేరొస్తే పెళ్లికొడుకులే వరుసకడతారని కూతురు నవ్వేసిందట. ఈ సంగతి ఆమే ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ తర్వాత విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ ఐ.వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. డిగ్రీ చదివింది హైదరాబాద్ దోమలగూడలోని ఏవీ కాలేజీలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీయే అది.

అయితే దారంతా పూలు పరచి లేదు. 2017లో భుజానికి గాయమై చాలాకాలం రింగుకు దూరమైంది. 2019 డిసెంబర్‌లో ఒలింపిక్ అర్హత పోటీల కోసం ఢిల్లీలో జరిగిన సెలక్షన్ బౌట్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. అనుభవం ముందు వేగం ఒక్కటే చాలదని తేలిన రోజు అది.

రెండున్నరేళ్లు గడిచాయి. 2022 మే 19. ఇస్తాంబుల్‌లో ప్రపంచ మహిళల ఛాంపియన్‌షిప్, 52 కిలోల ఫైనల్. ఎదురుగా థాయిలాండ్‌కు చెందిన జిట్‌పోంగ్ జుటామస్. ఐదుగురు జడ్జిలు ఇచ్చిన మార్కులు 30-27, 29-28, 29-28, 30-27, 29-28. ఫలితం 5-0 కాబట్టి ఏకపక్షమనుకుంటాం గానీ, ఆ అంకెల్లో ఒక కథ ఉంది. బాక్సింగ్‌లో రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి సాధారణంగా 9 ఇస్తారు. 29-28 అంటే ఆ జడ్జి దృష్టిలో ఒక రౌండు చేజారినట్టే. అలాంటి జడ్జిలు ముగ్గురు. మొదటి రౌండు నిఖత్‌ది, రెండో రౌండులో జుటామస్ పుంజుకుంది. మూడో రౌండుకు ముందు ఒక్క నిమిషం విరామం. ఆ నిమిషంలో కంగారుపడితే కథ అక్కడితో ముగిసేది. నిఖత్ కంగారుపడలేదు. దూరాన్ని తన చేతుల్లోకి తెచ్చుకుని మూడో రౌండును ఐదుగురు జడ్జిల దగ్గరా గెలుచుకుంది. అలా ప్రపంచ ఛాంపియన్ అయిన ఐదో భారత మహిళగా నిలిచింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండో ప్రపంచ టైటిల్.

అంతటి బాక్సర్ కూడా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన వు యు చేతిలో 0-5తో ఓడింది. దేశమంతా నిట్టూర్చింది. ఎంత నేర్చినా నేర్చుకోవాల్సింది మిగిలే ఉంటుందని రింగు ఎవరికైనా గుర్తుచేస్తుంది. నిఖత్ మాత్రం గ్లవ్స్ విప్పి గోడకు తగిలించలేదు. 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో మళ్లీ స్వర్ణం గెలిచింది.

ఇంట్లో చేసే సాధన

ఉత్తుత్తి దెబ్బకు కదలకుండా ఉండటం రింగులోనే నేర్చుకోవాలని లేదు. కొంత ఇంట్లోనూ చేయవచ్చు. దెబ్బల పని ఉండదు.

మొదటిది భుజం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి భుజాన్ని ఇంకొకరు అరచేత్తో తాకాలి. తాకించుకోకుండా తప్పుకోవాలి. చెయ్యి కన్నా అడుగు ముఖ్యమని పిల్లలకు ఈ ఆట ఐదు నిమిషాల్లో నేర్పుతుంది.

రెండోది బొమ్మ ఆట. ఒకరు అందనంత దూరంలో నిలబడి ఉత్తుత్తి దెబ్బలే వేయాలి. రెండోవారు కదలకూడదు, కాస్త కూడా ఉలిక్కిపడకూడదు. వినడానికి నవ్వులాట. చేసి చూస్తే తెలుస్తుంది కష్టం.

మూడోది మూడింట ఒకటి. మూడుసార్లు చెయ్యి కదిపితే ఒక్కసారే అడుగు వేసి మెత్తగా తాకాలి. ఎప్పుడన్నది ముందే చెప్పకూడదు. అడుగు పడినప్పుడే తప్పుకోవాలి, పడనప్పుడు నిలబడాలి.

నాలుగోది అద్దం ముందు సాధన. గార్డ్‌తో నిలబడి, మోకాళ్లు వంచి లేస్తూ, పిడికిళ్లు చెంపల దగ్గర నుంచి జారుతున్నాయేమో చూసుకోవాలి. అద్దం మొహమాటపడదు.

అసలు స్పారింగ్ మాత్రం కోచ్ సమక్షంలోనే జరగాలి. సరైన గ్లవ్స్, హెడ్‌గార్డ్, పళ్లకు మౌత్‌గార్డ్ తప్పనిసరి. వయసు, బరువు, అనుభవం దగ్గరగా ఉన్నవాళ్లతోనే జత కట్టించాలి. తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, మాట తడబడటం, మతిమరుపు లాంటివి కనిపిస్తే ఆ రోజుకు సాధన ఆపి డాక్టరుకు చూపించాలి. డాక్టరు సరేననేదాకా మళ్లీ రింగు ఎక్కకూడదు. “ఏం కాదులే, ఓర్చుకో” అనే కోచ్ దగ్గర పిల్లను ఉంచకపోవడమే మంచిది. ఇవన్నీ అడగడం తల్లిదండ్రుల హక్కు. మంచి కోచ్ అడిగినందుకు సంతోషిస్తాడు.

అమ్మ పెట్టిన పరీక్ష

మళ్లీ క్యాంపస్‌కు వద్దాం. చెట్టు కింద నాన్నాకూతుళ్లు ఆడుతున్నది ఇప్పుడు తెలిసిపోయింది కదా, బొమ్మ ఆట. మొదటి పదిసార్లలో ఏడుసార్లు ఆ పిల్ల ఉలిక్కిపడింది. నాన్న ఏమీ అనలేదు, “మళ్లీ” అన్నాడంతే. తర్వాతి పదిలో నాలుగుసార్లు. ఎండ ఎక్కేసరికి రెండుసార్లు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఇడ్లీ పెట్టింది. ముఖం మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది.

“మళ్లీ దానికే తోల్కపోయిన్రా?”

“కొట్టుడు నేర్పలేదు. కొట్టకుండా బెదిరించినోళ్లకు బెదరకుండా ఉండుడు నేర్పిన” అన్నాడు నాన్న.

అమ్మ ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకుంది. బస్సులో, సందులో, స్కూలు దారిలో ఆడపిల్లకు ఎదురయ్యే ఉత్తుత్తి బెదిరింపులు ఆమెకు తెలియనివా? చట్నీ గిన్నె పక్కన పెట్టి కూతురికి ఎదురుగా నిలబడింది. ఉన్నట్టుండి చెయ్యి ఎత్తింది, చెంప మీద కొట్టబోతున్నట్టు.

పిల్ల రెప్ప కూడా వాల్చలేదు. అమ్మ అడుగు కదపలేదని చూసింది.

అమ్మ ఈసారి నిజంగానే ఒక అడుగు ముందుకు వేసింది. పిల్ల పక్కకు తప్పుకుంది. పిడికిళ్లు రెండూ చెంపల దగ్గరే ఉన్నాయి.

“మంచిగనే నేర్చినవ్” అంది అమ్మ, నవ్వు ఆపుకుంటూ. “ఇగో, వచ్చే ఆదివారం నేను గూడ వస్త. ఆ కోచ్ సార్‌ను కొన్ని సంగతులు అడగాలె. హెడ్‌గార్డ్ మంచిది ఇస్తున్నరో లేదో చూడాలె.”

నాన్న ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచాడు. గెలిచినట్టు ఒక్క మాట కూడా పైకి అనలేదు. ఆ దూరంలో ఎదురు దెబ్బ తప్పించుకోవడం కష్టమని ఆయనకు తెలుసు.